స్వామి రామానంద తీర్థ

మంజీరా నది మహారాష్ట్రలోని బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు జిల్లా మీదుగా ప్రవహించి, తెలంగాణలో ప్రవేశించి గోదావరిలో కలుస్తుంది. ఈ నదీ తీరంలోని ఊళ్ళలో మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ వినిపిస్తాయి. సంతకు వచ్చిన రైతు ఒక భాషలో బేరమాడి, మరొక భాషలో బంధువుల క్షేమసమాచారం అడగడం ఇక్కడ వింత కాదు. నేడు తెలంగాణలో ఉన్న నారాయణఖేడ్, జహీరాబాదు, మహారాష్ట్రలో ఉన్న ఉద్గీరు, నీలంగా, కర్ణాటకలో ఉన్న భాల్కి, హుమ్నాబాదు 1956 వరకు ఒకే జిల్లాలో ఉండేవి. అదే నాటి బీదరు జిల్లా. అది హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఆ రాష్ట్రాన్ని నిజాము పాలన నుండి విడిపించడానికి పోరాడిన నాయకులలో అగ్రగణ్యులు స్వామి రామానంద తీర్థ. ఆ రాష్ట్రాన్ని భాషల ప్రాతిపదికన విభజించాలని కోరినవారు కూడా ఆయనే. ఒక సన్యాసి పార్లమెంటు సభ్యుడు ఎలా అయ్యారు? తాను విడిపించిన రాష్ట్రమే లేకుండా పోవాలని ఎందుకు కోరుకున్నారు? ఆయన జీవితాన్ని పరిశీలిస్తే ఈ ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

స్వామీజీ పూర్వాశ్రమ నామం వేంకటేశ్ భగవాన్‌రావు ఖేడ్గీకర్. ఆయన 1903 అక్టోబరు 3న బిజాపూరు జిల్లా సింధగిలో జన్మించారు. పుట్టింది కన్నడ సీమలో. చదువు సాగింది మరాఠీ ప్రాంతమైన షోలాపూరులో. అందువల్ల చిన్ననాటి నుండే రెండు భాషల ప్రజల జీవితం ఆయనకు పరిచయమైంది. వారిది కలిగిన కుటుంబం కాదు. కష్టపడి చదువుకోవలసి వచ్చింది.

1920 ఆగస్టు 1న లోకమాన్య బాలగంగాధర తిలక్ కన్నుమూశారు. ఆ వార్త దేశంలోని యువకులను కదిలించింది. పదిహేడేళ్ళయినా నిండని వేంకటేశ్ ఆజన్మాంతం బ్రహ్మచారిగా ఉండి దేశసేవ చేయాలని నిశ్చయించుకున్నారు. గాంధీజీ సహాయ నిరాకరణోద్యమానికి పిలుపు ఇచ్చినప్పుడు ప్రభుత్వ పాఠశాలను విడిచిపెట్టారు. తరువాత అమల్నేరులోని జాతీయ విద్యాలయంలోను, పూనాలోని తిలక్ మహారాష్ట్ర విద్యాపీఠంలోను చదువు కొనసాగించారు. ప్రజాస్వామ్యం గురించి పరిశోధనా వ్యాసం రాసి ఎం.ఏ. పట్టం పొందారు. ఓటు హక్కు కొద్దిమందికే పరిమితమైన ఆ రోజులలో ప్రజాస్వామ్యాన్ని అధ్యయన విషయంగా ఎంచుకోవడం గమనించదగిన సంగతి.

చదువు పూర్తయిన పిదప ఆయన కార్మిక నాయకులైన ఎన్.ఎం. జోషి వద్ద కార్యదర్శిగా చేరారు. జోషి కేంద్ర శాసనసభలో కార్మికుల తరఫున మాట్లాడే సభ్యులు. శాసనసభలో ఒక విషయం చర్చకు ఎలా వస్తుందో, దాని వెనుక ఎంత పరిశ్రమ ఉంటుందో వేంకటేశ్ అక్కడ దగ్గరగా చూశారు. కార్మికుల వాడలలో తిరిగి వారి బాధలు తెలుసుకున్నారు. కాని తీవ్రమైన అనారోగ్యం ఆయనను మంచాన పడవేసింది. ఆ పని విడిచి రాక తప్పలేదు.

కోలుకున్న తరువాత ఆయన ఉస్మానాబాదు జిల్లాలోని హిప్పర్గి గ్రామానికి వచ్చారు. ఆ జిల్లా నిజాము రాజ్యంలో ఉండేది. హిప్పర్గిలోని జాతీయ పాఠశాలకు ఆయన ప్రధానోపాధ్యాయులు అయ్యారు. పాఠాలు చెప్పడంతోపాటు విద్యార్థులకు స్వావలంబన, క్రమశిక్షణ, దేశభక్తి నేర్పారు. అక్కడ ఉన్న కాలంలోనే సన్యాసం స్వీకరించి రామానంద తీర్థ అనే పేరు పొందారు. సన్యాసులు సాధారణంగా లోకానికి దూరంగా వెళ్తారు. రామానంద తీర్థ మాత్రం కాషాయం ధరించి ప్రజల మధ్యకే వచ్చారు. సొంత ఇల్లు, సంసారం, ఆస్తి లేకపోవడం ప్రజాసేవకు అనుకూలమని ఆయన భావించారు. 1935లో అంబాజోగాయికి వెళ్ళి అక్కడి యోగేశ్వరి విద్యాలయం బాధ్యత చేపట్టారు. ఆ పట్టణాన్ని అప్పుడు మొమినాబాదు అని పిలిచేవారు.

నాటి హైదరాబాదు సంస్థానం దేశంలోని స్వదేశీ సంస్థానాలలో అతి ముఖ్యమైనది. అందులో పదహారు జిల్లాలు ఉండేవి. ఎనిమిది జిల్లాలలో తెలుగు, ఐదింటిలో మరాఠీ, మూడింటిలో కన్నడం ప్రధాన భాషలు. బీదరు, గుల్బర్గా, రాయచూరు కన్నడ జిల్లాలు. పాలన మాత్రం ఉర్దూలో సాగేది. సభ జరుపుకోవాలన్నా, పాఠశాల పెట్టుకోవాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. ప్రజలు ఎన్నుకున్న చట్టసభ లేదు. పల్లెలలో జాగీర్దారులు, దేశ్‌ముఖులు చెప్పిందే శాసనం. ఈ పరిస్థితిలో ప్రజలు తమ తమ భాషల పేరుతో సంఘాలు పెట్టుకున్నారు. తెలుగువారి ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సమావేశమైంది. మరాఠీ వారి మహారాష్ట్ర పరిషత్తు 1937లో పర్తూరులో ప్రారంభమైంది. కన్నడిగులు కర్ణాటక పరిషత్తును నెలకొల్పుకున్నారు. పుస్తకాలు, పాఠశాలలు, గ్రంథాలయాల గురించి మాట్లాడటంతో మొదలైన ఈ సంఘాలు క్రమంగా పౌరహక్కుల గురించి మాట్లాడసాగాయి. రామానంద తీర్థ మహారాష్ట్ర పరిషత్తులో ప్రధాన కార్యకర్తగా ఎదిగారు.

మూడు భాషల వారు వేర్వేరుగా అడిగితే చాలదని, అందరూ కలిసి ఒక రాజకీయ సంస్థగా ఏర్పడాలని నాయకులు తలచారు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును స్థాపించడానికి పూనుకున్నారు. ఆ సంస్థ పూర్తిగా రూపుదిద్దుకోకముందే ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధాన్ని ధిక్కరిస్తూ అదే సంవత్సరం అక్టోబరులో సత్యాగ్రహం మొదలైంది. జట్లు జట్లుగా కార్యకర్తలు అరెస్టు అయ్యారు. రామానంద తీర్థ కూడా సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళారు. 1940లో గాంధీజీ అనుమతితో మరల సత్యాగ్రహం చేసి నిర్బంధంలో గడిపారు. ఈ కాలంలోనే గాంధీజీ, నెహ్రూ వంటి జాతీయ నాయకులకు ఆయన చిరపరిచితులయ్యారు.

1946లో స్టేట్ కాంగ్రెసుపై నిషేధం తొలగింది. అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగింది. ఒకవైపు రామానంద తీర్థ, మరొకవైపు బూర్గుల రామకృష్ణారావు పోటీ చేశారు. బూర్గుల వారు గొప్ప పండితులు, పేరు పొందిన న్యాయవాది, బహుభాషా కోవిదులు. సంప్రదింపుల ద్వారా సంస్కరణలు సాధించాలని వారి వర్గం భావించేది. ప్రజా పోరాటం లేనిదే బాధ్యతాయుత ప్రభుత్వం రాదని స్వామీజీ వర్గం నమ్మేది. స్వల్ప తేడాతో స్వామీజీ గెలిచారు. ఆయన పాల్గొన్న ఎన్నికలలో దేశ చరిత్రను ఎక్కువగా ప్రభావితం చేసినది ఇదే అనవచ్చు. తరువాతి రెండు సంవత్సరాల పోరాటం ఏ దారిలో నడవాలో ఈ కొద్ది ఓట్లే నిర్ణయించాయి.

1947 జూన్‌లో నిజాము తన రాజ్యం స్వతంత్రంగా ఉంటుందని ప్రకటించాడు. అదే నెలలో హైదరాబాదులో స్టేట్ కాంగ్రెసు మహాసభ స్వామీజీ అధ్యక్షతన జరిగింది. సంస్థానం భారతదేశంలో చేరాలని ఆ సభ కోరింది. ఆగస్టు 7న భారతదేశంలో చేరాలని కోరే దినాన్ని సంస్థానమంతటా పాటించారు. దేశమంతా స్వాతంత్ర్యోత్సవం జరుపుకున్న ఆగస్టు 15న స్వామీజీ హైదరాబాదులో జాతీయ పతాకాన్ని ఎగురవేసి అరెస్టు అయ్యారు. నిజాము నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాక ఆయనను విడిచిపెట్టినా, 1948 జనవరిలో మళ్ళీ నిర్బంధించారు. నాయకుడు జైలులో ఉన్నా ఉద్యమం ఆగలేదు. సరిహద్దుల వెంట శిబిరాలు పెట్టి యువకులు పోరాటాన్ని నడిపించారు. చాందా శిబిరంలో పనిచేసిన యువకులలో పాములపర్తి వేంకట నరసింహారావు ఒకరు.

ఆ నెలలలో బీదరు ప్రాంతం ఎంతో బాధను అనుభవించింది. 1948 మే నెలలో బసవకల్యాణం సమీపంలోని గోరట గ్రామంపై రజాకార్లు దాడి చేశారు. అనేకులు ప్రాణాలు కోల్పోయారు. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాము లొంగిపోయాడు. స్వామీజీ విడుదలయ్యారు. అయితే బాధ అంతటితో తీరలేదు. ఆ తరువాతి వారాలలో బీదరు, గుల్బర్గా, ఉస్మానాబాదు, నాందేడు జిల్లాలలో ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాలు ప్రతీకార దాడులకు గురి అయ్యాయి. కేంద్ర ప్రభుత్వం పండిత సుందరలాల్ ప్రభృతులను పరిశీలనకు పంపింది. ఈ నాలుగు జిల్లాలలోనే నష్టం అధికమని వారు నివేదించారు. అన్యాయాన్ని ఎదిరించడం వేరు, అన్యాయం చేసినవారి మతానికి చెందినవారందరినీ శత్రువులుగా చూడటం వేరు. ఈ భేదాన్ని మరచిపోతే విముక్తి కూడా కొందరికి విషాదంగా మారుతుందని ఆ రోజులు నేర్పుతున్నాయి.

స్వాతంత్ర్యానంతరం దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగాయి. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండిన ప్రతి స్త్రీకి, పురుషునికి ఓటు వచ్చింది. ఓటర్లలో అధిక సంఖ్యాకులు చదువురానివారు. అందువల్ల ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై అతని గుర్తు అంటించారు. ఓటరు తనకు ఇచ్చిన చీటీని నచ్చిన గుర్తు గల పెట్టెలో వేయాలి. కాంగ్రెసు గుర్తు కాడి కట్టిన ఎద్దుల జత. అంతకు నాలుగేళ్ళ క్రితం సభ జరుపుకోవడానికే అనుమతి అడగవలసి వచ్చిన ప్రజలు ఇప్పుడు తమ పాలకులను తామే ఎన్నుకున్నారు. లోక్‌సభలో మొత్తం 489 స్థానాలు ఉండగా హైదరాబాదు రాష్ట్రానికి 25 వచ్చాయి. వాటిలో గుల్బర్గా నుండి స్వామీజీ కాంగ్రెసు అభ్యర్థిగా నిలబడి గెలిచారు. పొరుగున ఉన్న బీదరు స్థానం నుండి షౌకతుల్లా షా అన్సారీ ఎన్నికయ్యారు.

పోరాటానికి నాయకత్వం వహించినవారు పదవిని ఆశించడం లోకంలో సాధారణం. హైదరాబాదు రాష్ట్రంలో 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. స్వామీజీ లోక్‌సభ సభ్యత్వంతోనే తృప్తి చెందారు. అప్పుడే కాదు, జీవితంలో ఎన్నడూ ఆయన మంత్రి పదవి చేపట్టలేదు. ఢిల్లీలో ఉన్నా ఆయన ఆలోచన హైదరాబాదు ప్రజల భవిష్యత్తు చుట్టూనే తిరిగింది. ఆ భవిష్యత్తుకు సంబంధించిన పెద్ద ప్రశ్న త్వరలోనే ముందుకు వచ్చింది.

1953 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని నియమించింది. ఫజల్ అలీ దానికి అధ్యక్షులు. హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులు. హైదరాబాదు రాష్ట్రం ఉండాలా, విడిపోవాలా అన్నది వారి ముందున్న ముఖ్య సమస్యలలో ఒకటి. ఉండాలనేవారి వాదనలో బలం ఉంది. అనేక భాషలవారు శతాబ్దాలుగా కలిసి జీవించిన నేల అది. అక్కడ ఒక మిశ్రమ సంస్కృతి ఏర్పడింది. ప్రధాని నెహ్రూకు కూడా తొలుత ఈ రాష్ట్రాన్ని ముక్కలు చేయడం ఇష్టం లేదు. విలీనమైతే తమ ఉద్యోగాలు, వనరులు ఇతరుల పాలవుతాయని తెలంగాణలో పలువురు భయపడ్డారు.

స్వామీజీ రెండవ పక్షాన నిలబడ్డారు. హైదరాబాదు రాష్ట్రం ప్రజలు కోరి ఏర్పరచుకున్నది కాదని, రాజుల యుద్ధాలు, ఒప్పందాలు కలిపి ఉంచినదని ఆయన వాదన. పరిపాలన సామాన్యునికి అర్థమయ్యే భాషలో జరిగినప్పుడే ప్రజాస్వామ్యం అతని గడప వరకు వస్తుందని ఆయన నమ్మకం. కన్నడ ప్రాంతం కర్ణాటకలోను, మరాఠీ ప్రాంతం మహారాష్ట్రలోను, తెలుగు ప్రాంతం ఆంధ్రతోను కలవాలని ఆయన గట్టిగా కోరారు. దీనివల్ల తనకు కలిగే నష్టం ఆయనకు తెలియనిది కాదు. మూడు భాషల ప్రజలూ తమవాడుగా భావించిన నాయకుడు ఆయన. రాష్ట్రం మూడుగా విడిపోతే అటువంటి నాయకునికి స్థానం ఎక్కడ? తెలుగు రాష్ట్రంలో ఆయన మరాఠీ ప్రాంతంలో ఎదిగిన నాయకుడు. కన్నడ రాష్ట్రంలోను అంతే. మరాఠీ రాష్ట్రంలో బొంబాయి, పూనా నాయకుల సరసన ఒక జిల్లా నాయకుడు మాత్రమే. అయినా ఆయన తన మాట మార్చుకోలేదు.

సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. కన్నడ, మరాఠీ జిల్లాలు విడిపోవాలని చెప్పింది. తెలుగు జిల్లాలను కొంతకాలం వేరే రాష్ట్రంగా ఉంచాలని సూచించింది. మూడు భాషలు కలిసి ఉన్న బీదరు జిల్లాను కూడా ఆ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంచాలని అభిప్రాయపడింది. అలా జరిగి ఉంటే బీదరు తన రాజధాని హైదరాబాదుతోనే ఉండేది. కాని ప్రభుత్వం తుది నిర్ణయంలో ఈ సూచనను మార్చింది. 1956 నవంబరు 1న కొత్త రాష్ట్రాలు ఏర్పడ్డాయి. బీదరు జిల్లాలోని అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాదు తాలూకాలో అధిక భాగం, న్యాల్‌కల్ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. మిగిలినది మైసూరు రాష్ట్రానికి వచ్చింది. ఆ మైసూరు రాష్ట్రమే 1973లో కర్ణాటక అయింది. ఎన్ని గీతలు గీచినా భాషలు గీతలకు లోబడవు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే కుటుంబం వారు మిగిలారు. బీదరు, ఔరాదు ప్రాంతాలలో తెలుగువారు, మరాఠీ వారు అల్పసంఖ్యాకులుగా నిలిచారు.

1957లో రెండవ సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. గుల్బర్గా అప్పటికి మైసూరు రాష్ట్రంలో ఉంది. స్వామీజీ ఈసారి బొంబాయి రాష్ట్రంలో చేరిన ఔరంగాబాదు నుండి పోటీ చేశారు. మహారాష్ట్ర ఏర్పాటు కోరుతూ ఉద్యమం తీవ్రంగా సాగుతున్న కాలం అది. ఆ రాష్ట్రంలోని అనేక చోట్ల కాంగ్రెసు దెబ్బతిన్నది. అయినా ఔరంగాబాదు ప్రజలు స్వామీజీని గెలిపించారు. ఈ విధంగా ఒకసారి కన్నడ ప్రాంతం నుండి, మరొకసారి మరాఠీ ప్రాంతం నుండి ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన పోరాటానికి కేంద్రమైన నగరం తెలుగు ప్రాంతంలోనిది. రెండు ఎన్నికలు, రెండు గెలుపులు, రెండు భాషల ఓటర్లు. ఎన్నికల అంకెలలో ఇది చిన్న చరిత్రే. కాని ప్రజలు అభ్యర్థి భాషను కాక, అతని సేవను చూసి ఓటు వేయగలరని అది చాటుతుంది.

1962 తరువాత స్వామీజీ పార్లమెంటులో లేరు. అధికార రాజకీయాలకు దూరంగా విద్య, ఖాదీ, గ్రామసేవ కార్యక్రమాలలో కాలం గడిపారు. 1967లో హైదరాబాదు విమోచనోద్యమ స్మృతులను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. 1972 జనవరి 22న హైదరాబాదులో తనువు చాలించారు. ఆయన వెనుక విడిచి వెళ్ళిన ఆస్తి లేదు. శిష్యులు ఉన్నారు. వారిలో ఒకరైన పి.వి. నరసింహారావు 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, 1991లో భారత ప్రధానమంత్రి అయ్యారు. నాందేడులో 1994లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి స్వామీజీ పేరు పెట్టారు. హైదరాబాదులోని బేగంపేటలో ఆయన స్మారక కేంద్రం ఉంది.

ఆయన కోరిన విభజన అన్ని సమస్యలను తీర్చలేదు. నాడు తెలంగాణ వారు వెలిబుచ్చిన భయాలు సమసిపోలేదు. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమయింది. కర్ణాటకలో చేరిన బీదరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు అభివృద్ధిలో వెనుకబడినందున, 2012లో రాజ్యాంగాన్ని సవరించి ఈ ప్రాంతానికి ప్రత్యేక సౌకర్యాలు కల్పించవలసి వచ్చింది. భాష ఒక్కటయినంత మాత్రాన న్యాయం దానంతట అదే రాదని దీనివల్ల తెలుస్తుంది. అయితే రైతు తన కాగితాన్ని తానే చదువుకోవాలన్న స్వామీజీ ఆశయం మాత్రం నేటికీ నిలిచి ఉంది.

1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటే రాజ్యాంగానికి ఏడవ సవరణ జరిగింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగేందుకు తగిన సౌకర్యాలు కల్పించాలని దానిలోని 350 ఎ అధికరణం రాష్ట్రాలను ఆదేశించింది. స్వామీజీ సభ్యులుగా ఉన్న లోక్‌సభలోనే ఈ సవరణ ఆమోదం పొందింది. రాష్ట్రాలకు సరిహద్దులు గీచినవారే, ఆ సరిహద్దులకు ఇవతల మిగిలిపోయే పిల్లలను కూడా తలచుకున్నారన్నమాట. కర్ణాటకలో ఉన్న తెలుగు బాలుడు కన్నడం నేర్చుకుంటూనే తన తల్లి భాషను కూడా చదువుకోగలగడం ఆ తలంపు ఫలితమే. కన్నడ సీమలో పుట్టి, మరాఠీ విద్యార్థులకు పాఠాలు చెప్పి, తెలుగు నేలపై జెండా ఎగురవేసిన స్వామి రామానంద తీర్థ జీవితం మనకు ఒక విషయాన్ని గుర్తు చేస్తుంది. తన భాషను ప్రేమించేవాడు పొరుగువాని భాషను గౌరవించినప్పుడే ఆ ప్రేమకు విలువ ఉంటుంది.